కొండ మీద దేవుడి పేరు

పల్నాడు వెళ్ళొచ్చానని చెబితే మా కాకినాడలో అందరూ ముందు కారం గురించే అడుగుతున్నారు. తిన్నాను, ఏడ్చాను, మళ్ళీ వడ్డించుకున్నాను. ఆ ముచ్చట దారిలో చెబుతాను. అసలు చెప్పాల్సింది వేరే ఉంది. నేను వెళ్ళిన ఆసుపత్రిలో ఒక పెద్దాయన ప్రాణం ఆయన పేరు దగ్గర చిక్కుకుంది. ఆ చిక్కు వల్ల నాకు ఒక పూటంతా తిండి సహించలేదంటే నన్నెరిగినవాళ్ళు నమ్మరు.

బతుకంతా నర్సుగా పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఇప్పుడు ఆసుపత్రులకు నాణ్యత గుర్తింపు ఇచ్చేముందు తనిఖీకి వెళ్ళే బృందాల్లో తిరుగుతున్నాను. మేం వెతికేది తప్పు చేసిన మనిషిని కాదు, తప్పు జరిగే వీలున్న చోటుని. జారే నేల, పట్టుకోవడానికి కడ్డీ లేని బాత్‌రూము, చూడటానికి ఒకేలా ఉండే మందుసీసాలు, ఒకరి మందు ఇంకొకరికి పడే దారి. ఆసుపత్రి పేరు రాయను. మనుషుల పేర్లు కూడా మార్చాను. దేవుళ్ళ పేర్లు మాత్రం మార్చడం కుదరలేదు, ఎందుకో మీకే తెలుస్తుంది.

నరసరావుపేట

మమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన డ్రైవరు మస్తాన్. మా బృందం పెద్ద డాక్టర్ ప్రభాకర్ గారు కర్నూలాయన, కారెక్కగానే నిద్రపోయే మనిషి. కాబట్టి మాటలన్నీ నాకూ మస్తాన్‌కే. శివరాత్రి దగ్గరపడుతోంది, కోటప్పకొండ తిరునాళ్ళకు ఊరూరా ఎత్తయిన వెదురు ప్రభలు కడుతున్నారు.

"మా పక్కింటోడు కోటేశ్వరరావు, ఎదురింటోడు కోటయ్య, మా ఓనరు కోటిరెడ్డి, ఆయన భార్య కోటేశ్వరమ్మ" అన్నాడు మస్తాన్. "కొండకి మొక్కుకుంటే పుట్టినోళ్ళే గదా మేడమ్ అందరూ. బస్టాండ్లో నిలబడి 'కోటీ' అని ఒక్క కేకెయ్యండి, సగం బస్టాండు తిరిగి చూసుద్ది."

నవ్వుకున్నాను. ఆ నవ్వు మధ్యాహ్నందాకా కూడా నిలవలేదు.

తనిఖీ రోజు ఏ ఆసుపత్రైనా పెళ్ళిచూపుల ఇల్లే. కొత్త కర్టెన్లు, కొత్త దుప్పట్లు, పూలకుండీలు. గోడల పెయింటు ఇంకా ఆరలేదు, ఆ సంగతి నా పమిట చూశాకగాని తెలియలేదు. "మంటలొస్తే ఏం చేస్తావు?" అని ఒక నర్సమ్మాయిని అడిగితే కళ్ళు మూసుకుని ఎక్కాలు అప్పజెప్పినట్టు గడగడా చెప్పేసింది. సరే, ఆ ఎర్ర సిలిండరు తీసి చూపించమన్నాను. రాలేదు. ఇద్దరు కలిసి లాగినా రాలేదు. గోడకు పెయింటు వేసినవాళ్ళు దానికీ కలిపి వేసేశారు, అది గోడకు అతుక్కుపోయింది. మేనేజరు ముఖం చూడాలి!

ప్రశ్నలడిగితే ఇలా నేర్చుకున్న జవాబులే వస్తాయి. అందుకే నా పద్ధతి వేరు. భోజనాలయ్యాక వార్డులో ఒక బల్ల మీద కూర్చుని, ఏమీ పట్టనట్టు చుట్టూ చూస్తాను. ఆ బల్ల మీద నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పేరు సీతారావమ్మ. ఎదురు మంచం మీద ఆవిడ భర్త నొప్పి తెలియకుండా ఇచ్చిన మందుతో మగతగా పడుకున్నాడు.

"ఏ ఊరమ్మా?" అన్నాను.

"దుర్గి కాడమ్మా. పత్తి బోరేలు ట్రాక్టరుకెత్తతా జారి పడ్డాడు. తుంటి ఇరిగింది. నిన్న రాత్రి తీసకొచ్చాం. రేపు పొద్దున ఆపరేషనంట."

"ఆయన పేరేంటి?"

ఆవిడ పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పేరెట్టా చెప్పేదమ్మా! కొండ మీద సామి పేరు."

మస్తాన్ చెప్పిన పాఠం బాగా ఒంటబట్టింది నాకు. "కోటేశ్వరరావా?" అన్నాను.

"ఆ కొండ కాదు. పెద్ద కొండ. ఏడుకొండలోడు."

"వెంకటేశ్వర్లా?"

"ఆఁ" అని పెళ్ళికూతురిలా తల వంచుకుంది. ఆ వయసులో ఆ సిగ్గు చూసి నాకు ముచ్చటేసింది.

ఇంతలో సుజాత అనే నర్సు ట్రే పట్టుకుని వచ్చింది. నేరుగా ఆ మంచం దగ్గరికే వెళ్ళి, "కోటేశ్వరరావు గారూ, ఇంజెక్షనండీ" అంది. పెద్దాయన మగతలో "ఊఁ" అన్నాడు. ఆమె ఆయన చేతి పట్టీ చూసింది. పట్టీ మీద కోటేశ్వరరావు అనే ఉంది. సిరంజి చేతిలోకి తీసుకుంది.

"ఆగు!"

వార్డంతా అదిరిపడింది. తనిఖీకి వచ్చినవాళ్ళు చూడాలేగాని చెయ్యి పెట్టకూడదు. అయితే ప్రాణం మీదికొచ్చేటప్పుడు ఆ మాట వర్తించదు, వర్తిస్తుందని ఎవరైనా అన్నా నేను వినను.

"అదేం ఇంజెక్షన్?"

"రక్తం పల్చబడేదండీ" అంది సుజాత బిత్తరపోయి. "పొద్దున కూడా ఒకటిచ్చాం."

మర్నాడు పొద్దున ఆపరేషనున్న మనిషికి, విరిగిన తుంటితో పడుకున్న మనిషికి రక్తం గడ్డకట్టని మందు! ఆ మందు ఒంట్లో ఉండగా కత్తి పెడితే రక్తం ఆగదు. కత్తి పెట్టకపోయినా విరిగినచోట లోపల్లోపలే కారవచ్చు.

జరిగింది పెద్ద రహస్యమేమీ కాదు. ఆధార్ కార్డు ఇంటి దగ్గరే ఉండిపోయింది, కొడుకు తేవడానికి వెళ్ళి ఇంకా రాలేదు, ఈలోపల కౌంటరులో పేరడిగారు. సీతారావమ్మ కొండ మీద సామి అంది. కౌంటరమ్మాయి నరసరావుపేటలో పుట్టి పెరిగిన పిల్ల. పేటలో కొండంటే కోటప్పకొండ ఒక్కటే, ఇంకో కొండ ఉంటుందని ఆ పిల్లకు తోచనే లేదు. కోటేశ్వరరావు అని కొట్టేసింది. పక్క గదిలో నిజం కోటేశ్వరరావు ఒకాయన గుండెజబ్బుతో ఉన్నాడు, దాదాపు అదే వయసు. ఆయనకు రాసిన మందు ఈయన మంచానికి వచ్చింది. ఆయనకు పొద్దున్నుంచి అందనే లేదు. అప్పటికప్పుడు ఆయనకిచ్చారు, అది వేరే సంగతి.

నా కోపమంతా సీతారావమ్మ మీదికి తిరిగింది. "పొద్దున్నుంచి ఆయన్ని కోటేశ్వరరావు, కోటేశ్వరరావు అని పిలుస్తుంటే కాదని ఒక్క మాట చెప్పలేకపోయావా తల్లీ?"

ఆవిడ బిక్కమొహం వేసింది. "కాదంటే, మరి ఏందీ అని అడగరా అమ్మా?"

సర్జన్‌కు కబురు పంపించాను.

సర్జన్ పరుగున వచ్చి తొడ నొక్కి చూసి, ఆపరేషన్ ఒక రోజు వెనక్కి జరిపాడు. మందు ఒంట్లోంచి దిగిపోయేదాకా కనిపెట్టుకుని ఉండాలి, తొడ వాస్తోందేమో టేపుతో కొలుస్తూ ఉండాలి అన్నాడు. సీతారావమ్మకు ఏం జరిగిందో దాచకుండా చెప్పాడు, అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి. ఆవిడ అంతా విని ఒక్కటే అడిగింది: "బతుకుతాడా అయ్యా?" ఆయన "బతికించుకుందాం" అన్నాడు.

మేనేజరు నన్ను పక్కకు పిలిచాడు. "మేడమ్, ఆ నర్సునీ, కౌంటరు పిల్లనీ ఇయ్యాళే తీసేస్తాం. మీరు మనసులో ఏం పెట్టుకోమాకండి."

"తీసేయండి. రేపు ఇంకో ఇల్లాలు వచ్చి ఇంకో దేవుడి పేరు చెబుతుంది. అప్పుడెవర్ని తీసేస్తారు? మిమ్మల్నా?" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

గురజాల

మర్నాడు ప్రభాకర్ గారు పేటలోనే ఉండిపోయారు. ఆ ఆసుపత్రికే చెందిన రెండు చిన్న శాఖలు చూడటానికి నేనూ మస్తానూ బయల్దేరాం. దారి పొడుగునా కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కారు అద్దాలు బిగించినా ఘాటు లోపలికొస్తూనే ఉంది. ఇంకొకప్పుడైతే ప్రతి కళ్ళం దగ్గరా దిగి కబుర్లు చెప్పేదాన్ని. ఆ రోజు మనసంతా ఆ తొడ మీదే ఉంది.

గురజాల శాఖ ముందు చక్రాల కుర్చీ ఎక్కడానికి చక్కటి ర్యాంపు ఉంది. కొలత సరిగ్గా ఉంది, కడ్డీ ఉంది. దాని మీద ఈ చివర్నుంచి ఆ చివరిదాకా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి.

బిల్డింగు ఓనరు రైతు. తెల్లపంచె, భుజాన కండువా, ఊళ్ళో పలుకుబడి ఉన్న మనిషి. నన్ను చూసి ఎదురొచ్చాడు.

"ఇదేంటండీ ఇది?" అన్నాను.

"మిరపకాయలమ్మా" అన్నాడు, పాపం ఈవిడ మిరపకాయ ఎరగదు కాబోలనుకుని. "ఎండ చానా బాగా పడుద్ది ఆ జాగాలో."

"చక్రాల కుర్చీ వస్తేనో?"

"వస్తే తీస్తాం. ఇప్పుడెవరొచ్చారు?"

"నేనొచ్చాను!" అని రెండడుగులు వేశానో లేదో తుమ్ములు పట్టుకున్నాయి. ఒకటా రెండా! పైగా ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నాను. ఇక చూడండి నా అవస్థ. తనిఖీ అధికారి గుమ్మంలో నిలబడి వలవలా ఏడుస్తుంటే లోపలున్న రోగులు బయటికొచ్చి ఓదార్చారు. ఓనరుగారు చెంబుతో మజ్జిగ తెచ్చాడు, సగం తాగడానికి, సగం కంట్లో కొట్టుకోవడానికి.

"మీ వైపు ఇట్టాంటి వాటి మీద ఏం ఆరబెడతారమ్మా?" అని అడిగాడు ఆరాగా.

అబద్ధం చెప్పలేకపోయాను. "వడియాలు" అన్నాను.

ఆయన పగలబడి నవ్వి, మనుషుల్ని పిలిచి మిరపకాయలన్నీ డాబా మీదికి ఎత్తించాడు. వెళ్ళేటప్పుడు ఒక సంచీ నిండా కాయలు కారులో పెట్టబోయాడు. తనిఖీకి వచ్చినవాళ్ళు ఏమీ పుచ్చుకోకూడదని చెప్పి తప్పించుకున్నాను. నాకు ప్రాణం లాగింది, ఆ కాయల రంగు అలాంటిది.

పేటకు ఫోన్ చేశాను. "వాపు పెరగలేదు మేడమ్, ఇప్పటికి పర్వాలేదు" అన్నారు ప్రభాకర్ గారు.

మాచర్ల

ఆ మాటతో ఆకలి తిరిగొచ్చింది. మాచర్లలో మస్తాన్ ఒక మెస్సుకు తీసుకెళ్ళాడు. ఒకావిడ ఇంటి ముందు గదిలోనే నడుపుతోంది. నూట ఇరవైకి కడుపునిండా భోజనం, గోంగూర పచ్చడి, నాటుకోడి కూర. మా వైపు పులుసన్నాక బెల్లం ముక్క పడాల్సిందే. ఆ మాటంటే ఆవిడ "బెల్లమా? కూరలోనా? అయ్యో రామ!" అని లోపలున్న కోడలిని పిలిచి మరీ చెప్పింది. నా ముక్కూ కళ్ళూ ఒకటైపోయి నీళ్ళు కారుతున్నా కూర వదల్లేదు.

శాఖ కౌంటరులో చలాకీ అమ్మాయి ఉంది. పేరు చెప్పని ఇల్లాళ్ళు వస్తే ఏం చేస్తావని అడిగాను.

"రోజూ వస్తారండీ. ఇక్కడ గుడి సామి పేరంటే చెన్నకేశవులని రాసుకుంటాం. అర్థం కాకపోతే నేనే పేర్లు వరసగా చదువుతానండి, వాళ్ళాయన పేరు రాగానే తలూపుతారు."

పక్కనే మొగుడి మందుల కోసం వచ్చిన ఒక అవ్వ ఉంది. "మీ ఆయన పేరు రామయ్యా?" అన్నాను. తలూపింది. "కృష్ణయ్యా?" మళ్ళీ తలూపింది.

"ఇంతకీ ఏది అవ్వా?"

"రెండూ మంచి పేర్లే గదమ్మా, కాదని ఎట్టా అనేది?" అంది.

ఆ అమ్మాయి నాలిక్కరుచుకుంది. అక్కడే కూర్చుని ఇద్దరం ఒక పద్ధతి అనుకున్నాం. పేరు మనం అందించకూడదు. రోగి మాట్లాడగలిగితే రోగినే చెప్పమనాలి. లేదంటే కార్డు చూడాలి, అదీ లేదంటే కొడుకుకో కూతురికో ఫోన్ చేసి చెప్పించాలి. ఊహించి మాత్రం ఒక్క అక్షరం రాయకూడదు.

ఇదంతా వాళ్ళ వెనకబాటుతనమని నేననుకోలేదు. మా నాయనమ్మ మొగుడి పేరు సుబ్బారాయుడు. అందుకని ఆవిడ బతికినన్నాళ్ళూ సుబ్బారాయుడి షష్ఠిని పాముల పండగ అనే అంది. మస్తాన్‌కు ఇది చెబితే, "మా అమ్మా అంతే మేడమ్. నాయన్ని పిలవాలంటే 'ఏమయ్యా పెద్దోడి నాయనా' అని నా పేరు మీద పిలిచేది. నేనే 'ఏందమ్మా' అంటా పోయేవాణ్ణి" అన్నాడు. ఇంటి దగ్గర ఇది ముద్దుగానే ఉంటుంది. ఆసుపత్రి గుమ్మంలోకి వచ్చేసరికే దీని రూపు మారిపోతుంది.

దుర్గి

తిరుగుదారిలో టీ కోసం దుర్గిలో ఆగాం. రోడ్డు పక్కన రాళ్ళు చెక్కే షెడ్డు. సగం చెక్కిన దేవుళ్ళు ముఖాలు లేకుండా వరసగా నిలబడి ఉన్నారు. టీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నానో లేదో ప్రభాకర్ గారి ఫోను.

"మేడమ్, సాయంత్రం కొలిస్తే తొడ వాపు పెరిగింది. రక్తపరీక్షకు పంపారు. సర్జన్ పక్కనే ఉన్నాడు."

గ్లాసు కింద పెట్టేశాను. చెబుతున్నాను కదా, నా ఉద్యోగంలో చావులు చూడలేదని కాదు. చూశాను, చేతుల్లోనే చూశాను. అయితే పెళ్ళికూతురిలా సిగ్గుపడుతూ "ఏడుకొండలోడు" అని నాకు చెప్పిన మనిషి ముందు రేపు ఏ ముఖం పెట్టుకుని నిలబడాలి? ఏడుపొచ్చింది, ఈసారి మిరపకాయల వల్ల కాదు.

చెక్కుతున్నాయన సుత్తి ఆపాడు. "ఏందమ్మా, ఏమైంది?"

పేరు చెప్పకూడదు నేను. "మీ వైపు ఆయనొకరు ఆసుపత్రిలో ఉన్నారు" అన్నాను.

"ట్రాక్టరు మీంచి పడినాయనేనా? గట్టోడమ్మా ఆయన. మొన్నటిదాకా ఇక్కడికొచ్చి నా పనికి వంకలు పెట్టి పోయేటోడు. సామికి ముక్కు సరిగా రాలేదంటాడు! ఏం గాదులే, మళ్ళీ వచ్చి తిడతాడు" అని మళ్ళీ సుత్తి అందుకున్నాడు.

మస్తాన్ ఆ దారంతా కారు వేగం తగ్గించలేదు. నేను ఎరిగిన ఇద్దరు ముగ్గురు దేవుళ్ళకు దండం పెట్టుకున్నాను, పేర్లు పెట్టి మరీ.

మళ్ళీ పేటలో

పొద్దున్నే గుమ్మంలోనే ప్రభాకర్ గారు ఎదురయ్యారు. ఆయన నవ్వు చూశాకే నాకు ఊపిరాడింది. ఆ వాపు విరిగిన ఎముకదే, కొత్తగా రక్తం కారింది కాదు. పరీక్షల్లో రక్తం గడ్డకట్టడం మామూలుకొచ్చింది. ఆపరేషన్‌కు తీసుకెళ్తున్నారు.

వెంకటేశ్వర్లు గారికి మగత వదిలిపోయింది, పేరు మారిన సంగతీ తెలిసింది. మనిషి మహా చిరాగ్గా ఉన్నాడు. చేతికి కొత్త పట్టీ ఉంది. థియేటరు గుమ్మం దగ్గర సర్జన్ అడిగాడు: "పెద్దాయనా, మీ పేరు చెప్పండి."

"వెంకటేశ్వర్లు! ఎన్నిసార్లు చెప్పాల? నిన్నటి కాడ్నుంచి వచ్చినోడల్లా అదే అడగతన్నాడు. కుడికాలు. పత్తి బోరేల మీంచి పడ్డా. ఇంకేందన్నా కావాల్నా?" అని, ఆ పైన సర్జన్ని ఎగాదిగా చూశాడు. "మరి నీ పేరేంది?"

"కోటేశ్వరరావు" అన్నాడు సర్జన్.

"సచ్చాం పో" అన్నాడు పెద్దాయన.

థియేటరు తలుపు మూసుకునేదాకా అందరం నవ్వుతూనే ఉన్నాం. తలుపు మూసుకున్నాక నవ్వు ఆగిపోయింది. మేనేజరు మీటింగుకు రమ్మని రెండుసార్లు కబురంపాడు. కుదరదన్నాను. వెళ్ళి సీతారావమ్మ పక్కన కూర్చున్నాను. ఆవిడ చెయ్యి నా చేతిలో ఉంది. ఆవిడ పెదాలు కదులుతున్నాయి, దండకమో ఏమో.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. వచ్చింది సుజాత. ఆమెను తీసెయ్యలేదు, నా మాట విన్నారు.

"ఆపరేషనైన పెద్దాయన తాలూకు ఎవరండీ?" అంది.

ఇద్దరు ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. ఒకరు సీతారావమ్మ. ఇంకొకావిడ భర్త కూడా ఆ పొద్దున్నే లోపలికెళ్ళాడు. సుజాత ఇద్దర్నీ చూసింది. నోటిదాకా వచ్చిన మాట వెనక్కి మింగేసింది.

"పేషెంటు పేరు చెప్పండి. అప్పుడే చెబుతాను."

సీతారావమ్మ నా వైపు చూసింది. "నువ్వు చెప్పమ్మా, నీకు తెలుసుగా." నాకు తెలుసు. నేను చెప్పవచ్చు. "ఊరడగవే అమ్మాయ్" అని సుజాతతో అందామని నోరు తెరిచాను. అంతలోనే పక్కావిడ ఒకడుగు ముందుకేసింది. ఆ కబురు తనకు రాకుండా ఇంకొకరికి పోతుందనిపించిందేమో, సీతారావమ్మ కొంగు నోటి మీంచి లాగేసింది.

"వెంకటేశ్వర్లు!" అని కేకేసింది. "దుర్గి కాడ వెంకటేశ్వర్లు! నా మొగుడు! ఎట్టా ఉన్నాడే?"

"బాగున్నాడమ్మా" అంది సుజాత. కళ్ళ నిండా నీళ్ళు ఆ పిల్లకు. "చాలా బాగున్నాడు."

నడుముకు మాత్రమే మత్తిచ్చారు కాబట్టి పెద్దాయన మెలకువగానే ఉన్నాడు. వెనకాలే బండి మీద తోసుకొస్తున్నారు. లోపల్నుంచే అరుస్తున్నాడు.

"ఎవరే అది, నన్ను పేరు పెట్టి పిలిచింది?"

సీతారావమ్మ బండికి ఎదురెళ్ళి దుప్పటి సర్దింది.

"నేనే. అయితే ఏంది?"